పదిహేడో బోర్డులో పాడని గేమ్

"నాలుగింటికి కమిటీ కూసుంటది. ఆ పిల్ల పేరు రాసి పోలీసోళ్లకిస్తం. ఇగ ఖతం. నువ్వెందుకమ్మా గింత దూరమొచ్చినవ్?"

సూర్యాపేట జట్టు కెప్టెన్ వెంకన్న ఈ మాట అనేసరికి నాగరాణి ఇంకా చెప్పులైనా విడవలేదు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా బస్సులో నిలబడి వచ్చింది. పక్కన నిలబడ్డవాడి కోళ్లబుట్ట దారి పొడుగునా మోకాలికి తగులుతూనే ఉంది. డిటెక్టివ్ అంటే కారు దిగుతుందనుకున్న క్లబ్బు మెంబర్లు ఆమె చీర మీది కోడి ఈకను చూసి నవ్వు ఆపుకున్నారు.

"ఎందుకొచ్చిన్నో నన్ను పిలిచిన సార్‌ను అడుగు," అంది నాగరాణి.

పిలిచింది ప్రభుదాస్. మిర్యాలగూడలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన పక్కన తల వంచుకుని కూర్చున్న అమ్మాయి జమున. ఆటలో ఆయన పార్ట్‌నర్. కమిటీ రాయబోయే పేరు ఆమెదే.

జరిగింది ఇది. త్రివేణి రిక్రియేషన్ క్లబ్బులో ఆదివారం బ్రిడ్జి పేకాట ఫైనల్. సూర్యాపేట ఒక జట్టు, మిర్యాలగూడ ఒక జట్టు. గెలిచినవాళ్లు రాష్ట్ర పోటీలకు పోతారు. శనివారం సాయంత్రమే పద్దెనిమిది ఆటలకు పేకముక్కలు పంచి, ఒక్కో ఆటను ఒక్కో బోర్డులో పెట్టారు. బోర్డంటే నాలుగు జేబులున్న ప్లాస్టిక్ పలక. ఒక్కో జేబులో ఒక్కొక్కరి పదమూడు ముక్కలు. ఒక బల్ల మీద ఆడిన బోర్డే రెండో బల్లకు పోతుంది, ఇక్కడ ఒక జట్టుకు వచ్చిన ముక్కలు అక్కడ రెండో జట్టుకు వస్తాయి. బోర్డులన్నీ ట్రంకులో పెట్టి, మేడ మీద స్టోర్ రూములో తాళం వేశారు.

ఆదివారం పొద్దున వాచ్‌మన్ సత్తయ్య మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. జారి పడ్డాడనుకున్నారు. దవాఖానకు పంపి, నెత్తురు కడిగించి, అదే మెట్ల పక్క నుంచి నడిచిపోయి ఆట మొదలుపెట్టారు. ఒక్కరోజు ఆగుదామని ఒక్క పెద్దమనిషికీ తోచలేదు. సాయంత్రం స్టోర్ రూము ఊడుస్తుంటే ట్రంకు వెనక సత్తయ్య టార్చి దొరికింది. దాని అంచుకు నెత్తురు, వెంట్రుకలు. అప్పుడు తెలివొచ్చింది అందరికీ. ఎవరో ట్రంకు తెరిచి ముక్కలు చూస్తుంటే సత్తయ్య వచ్చాడు. అతని టార్చితోనే అతన్ని కొట్టి మెట్ల మీది నుంచి తోశారు.

ఫైనల్లో మిర్యాలగూడ గెలిచింది. పద్నాలుగో బోర్డులో జమున వేలంలో పాడిన ఒక్క పాటతో గెలిచింది. ఆ పాట ముక్కలు చూసినవాళ్లు తప్ప ఇంకెవరూ పాడరని వెంకన్న వాదన.

జమునకు నిరుడే జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. వాళ్ల తండాలో సర్కారు ఉద్యోగం ఎక్కిన మొదటి ఆడపిల్ల. రెండు రోజులు లాకప్‌లో ఉంటే చాలు, సస్పెన్షన్ కాగితం ఇంటికొస్తుంది. తర్వాత కోర్టు వదిలేసినా ఊరు వదలదు.

"ముందు ఒక రూలు," అంది నాగరాణి కుర్చీ లాక్కుని. "నాకు పేకాట రాదు. నేర్సుకోను. నేనడిగిన ఆట తప్ప ఇంకో ఆట ముచ్చట ఎవరన్నా తీసిన్రో, వాళ్లు బయటికి నడవాలె. పొద్దుగాల ప్రభుదాస్ సార్ ఫోన్ చేసి, సత్తయ్య బతికున్నడా లేదా చెప్పేలోపు మూడు ఆటలు చెప్పిండు."

"సందర్భం కోసం చెప్పినమ్మా," అన్నాడు ప్రభుదాస్.

"ఇగో, మళ్లీ!"

కిటికీ దగ్గర నుంచి సన్నగా ఒక నవ్వు. ఇస్త్రీ చెదరని చొక్కా, చేతిలో ట్యాబ్. కోదాడ సంతోష్. ఈ చుట్టుపక్కల మూడు ఊళ్లలో నాగరాణికి పోటీ దుకాణం అతనొక్కడిదే. వెంకన్న పెట్టుకున్న డిటెక్టివ్.

"నాగరాణిగారూ, మీరు ఆలస్యంగా వచ్చారండి. నా రిపోర్టు అయిపోయింది. అవకాశం ఉంది, అవసరం ఉంది, ప్రత్యక్ష సాక్షి కూడా ఉన్నారు. మీ బస్సు చార్జీలు మాస్టారు ఇస్తారు లెండి."

"సాక్షి ఎవరు తమ్ముడూ?"

"నేను," అంటూ లేచింది ఒకామె. డాక్టర్ దీప. సూర్యాపేటలో సొంత నర్సింగ్ హోమ్. ఆటలో వెంకన్న పార్ట్‌నర్. అప్పటికే చేతిలో కారు తాళాలున్నాయి. "శనివారం రాత్రి భోజనాలైనంక జమున స్టోర్ రూం దిక్కు నుంచి వస్తుంటే చూసిన. అందరం ఇక్కడి గెస్ట్ రూముల్లనే ఉన్నం కదా."

"చేతిల ఏమన్న ఉన్నదా?"

"చూడలేదు."

"దోమల చక్రం ఉంది అక్కా," అంది జమున తల ఎత్తకుండానే. "సత్తయ్య తాతనే ఇచ్చిండు. అప్పుడాయన మంచిగనే ఉన్నడు."

"ఆ తర్వాత మీరు మళ్లీ అటు పోలేదా డాక్టరమ్మా?"

"నేనెందుకు పోత? రూముల పడుకున్న. పొద్దున అరుపులు విని లేచిన." దీప మణికట్టు తిప్పి టైం చూసుకుంది. "నేను పోవాలె. సత్తయ్యకు ఇంకా స్పృహ రాలేదు. ఇయ్యాల సాయంత్రంలోపు రావచ్చు. ఆ టైంల నేను పక్కన లేకపోతే కష్టం."

"సొంత కార్లో వేసుకుని సూర్యాపేట తీసుకెళ్లారండి," అన్నాడు సంతోష్, ఆమెకు దారి ఇస్తూ. "రూపాయి తీసుకోకుండా వైద్యం చేస్తున్నారు. అంతమందిలో ఆ మాత్రం మనసు ఆవిడ ఒక్కరికే ఉంది."

నాగరాణికి ఆ మాట నిజమే అనిపించింది. నెత్తురు కడిగి ఆట ఆడిన మందలో ఒక్క మనిషైనా దొరికింది.

"పోయిరా డాక్టరమ్మా. ఆయన్ని బతికియ్యి. అసలు సాక్షి ఆయనే," అంది.

దీప తలూపి వెళ్లిపోయింది. గేటు దాటిన కారు హారన్ కూడా కొట్టలేదు.

స్టోర్ రూములో కాలు పెట్టడానికి జాగా లేదు. విరిగిన క్యారమ్ బల్లలు, పాత బ్యానర్లు, తుప్పు పట్టిన కూలర్. మధ్యలో ట్రంకు. నాగరాణి తాళం కప్పను అటూ ఇటూ తిప్పి చూసింది. గీత కూడా లేదు.

"తాళంచెవి ఎవరి దగ్గరుంటది?"

"కింద ఆఫీసుల, మేకుకు," అన్నాడు వెంకన్న. టోర్నమెంటు సెక్రటరీ కూడా అతనే.

"అంటే ఎవరన్న తీసుకోవచ్చు."

"తీసుకోవద్దని రూలున్నది."

"మస్తున్నది రూలు. మరి తాళమెందుకు ఏసిన్రు?"

"తాళమెయ్యాలని ఇంకో రూలున్నది."

నాగరాణి ట్రంకు మూత ఎత్తింది. ఆట అయిపోయాక బోర్డులు మళ్లీ అందులోనే పెట్టారు. సన్నటి ట్రంకు. బోర్డులు ఒకదాని మీద ఒకటి పడుకుని, నాలుగు గోడలకూ ఒరుసుకుంటూ ఉన్నాయి. అన్నిటికన్నా పైన పద్దెనిమిది అంకె.

"శనివారం గూడ ఇట్లనే పెట్టిన్రా? ఒకటి అడుగున, పద్దెనిమిది మీద?"

"ఎప్పుడూ గట్లనే. పంచినకొద్ది పెడ్తం."

నాగరాణి ట్రంకు గోడ పక్క నుంచి వేళ్లు దూర్చి కింది బోర్డు లాగబోయింది. వేలి గోరు దిగలేదు. ఇంకో మూల నుంచి ప్రయత్నించింది. గాజు విరిగింది తప్ప బోర్డు కదల్లేదు.

"ఏమ్మా, ట్రంకుతో కుస్తీ పడుతున్నారా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ సంతోష్. దుమ్ము అంటుతుందని లోపలికి రాలేదు.

"నువ్వు పొద్దుగాల వచ్చినవ్ గదా. ఈ ట్రంకుల చెయ్యి పెట్టినవా?"

"ఫొటోలు తీశానండి. ఇరవై రెండు."

"ఫొటోల చెయ్యి పెడితే ఏం తెలుస్తది? పద్నాలుగో నంబరు తియ్యి, సూస్త."

సంతోష్ విసుగ్గా లోపలికి వచ్చాడు. పద్దెనిమిది తీసి పక్కన పెట్టాడు. పదిహేడు. పదహారు. పదిహేను. తర్వాత పద్నాలుగు తీసి ఆమెకు అందించాడు. "ఇదిగోండి. ఏమిటి విశేషం?"

"ఏం లేదు. పద్నాలుగు కావాలంటే పైన నాలుగు తియ్యాలె. గంతే." ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. "పద, ఆ పిల్లను అడుగుదాం. నువ్వడిగినవా, ఎందుకు పాడినవని?"

"అడగక్కర్లేదు కదండీ. చూసింది కాబట్టి పాడింది."

నాగరాణి ఒక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తిట్టడానికి టైం లేక ఊరుకుంది.

కింద హాల్లో జమున ఎదురుగా కూర్చుంది. చుట్టూ వెంకన్న, ప్రభుదాస్, సంతోష్.

"జమునా, చదువురాని మనిషికి చెప్పినట్టు చెప్పు. గేమ్ పాడుడంటే ఏంది?"

"మాటియ్యడం అక్కా. నలుగురు తలా ఒక ముక్క వేస్తే, పెద్ద ముక్క వేసినోళ్లకు ఒక పట్టు. మొత్తం పదమూడు పట్టులుంటయ్. మొదటి ఆరు పట్టుల మీద ఇంకెన్ని గెలుస్తమో అదే పాట, నాలుగంటే పది పట్టులన్నట్టు. తురుపు ఇస్పేటో ఆటీనో అయితే, పది పట్టులు గెలుస్తమని ముందే మాటిస్తే అది గేమ్. మాటిచ్చి గెలిస్తే పెద్ద బోనస్. మాటియ్యకుంట పది గెలిచినా బోనస్ రాదు. మాటిచ్చి తప్పితే నష్టం."

"మాటియ్యాలెనా వద్దా అని ఎట్ల తెలుస్తది?"

"ఆసుకు నాలుగు పాయింట్లు, రాజుకు మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి. మనిద్దరి చేతుల్ల కలిపి ఇరవై అయిదుంటే పాడొచ్చు. పార్ట్‌నర్ ముక్కలు కనపడవు. ఆయన పాడిన పాటను బట్టి అంచనా వేసుకోవాలె."

"పద్నాలుగో బోర్డుల మీకెన్ని?"

"నాకు పద్నాలుగు. సార్‌కు ఎనిమిది."

"ఇరవై రెండు!" వెంకన్న బల్ల చరిచాడు. "మూడు తక్కువ! నాకూ అక్కడి బల్ల మీద అవే ముక్కలొచ్చినయ్. నలభై ఏండ్ల నుంచి ఆడుతున్న. ఆగిన. బుద్ధున్నోడెవడైనా ఆగుతడు. ఈమె దుంకింది. ఎట్ల దుంకింది? వీళ్ల చేతుల్ల లేని రెండు రాజులు ఎక్కడున్నయో ఈమెకు ఎవరు చెప్పిన్రు?"

"మీ జట్టాయనే చెప్పిండు," అంది జమున.

తల ఎత్తి మాట్లాడటం ఆ పిల్లకు అదే మొదటిసారి.

"నేను ఒక ఆటీను అన్న. సార్ రెండన్నడు. నా కుడి పక్కన కూసున్న మీ జట్టాయన ఊకోకుండ మూడు డైమన్లు అన్నడు. చేతిల బలం లేకుంటే మధ్యల ఎవరు దూరుతరు? పెద్ద ముక్కలన్నీ ఆయన దగ్గర్నే ఉండాలె. ఆయన నాకంటె ముందు ముక్క వెయ్యాలె. ఆయన రాజు వేస్తే నేను ఆసు వేస్త, దాచుకుంటే నేను రాణితో కొడ్త. ఎటు తిరిగినా ఆయన రాజులు నాకు పనికొస్తయ్. మీ బల్ల మీద మా జట్టాయన ఊకున్నడు. మీకు ఆ సంగతి తెల్వలే. అందుకే మీరాగిన్రు. మీరు చేసింది తప్పు కాదు. నేను చేసింది దొంగతనం గాదు."

"అయినా సగం సగం..." అన్నాడు వెంకన్న, గొంతు కొంచెం తగ్గించి.

"సగం గూడ అక్కర్లేదు సార్. జట్ల ఆటల బోనస్ అంత పెద్దది. పదిసార్లల్ల నాలుగుసార్లు గెలిచినా పాడినోళ్లకే లాభం. నేను పిల్లలకు చెప్పే లెక్కనే."

ప్రభుదాస్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాగరాణికి సగం అర్థమైంది, సగం కాలేదు. కానీ అబద్ధం చెప్పేవాళ్లు అన్ని కారణాలు చెప్పరని ఆమెకు తెలుసు. వాళ్లు ఒక్క కారణం పట్టుకుని వేలాడతారు.

"వెంకన్న సారూ, ఒక మాటడుగుత. ఇదే పాట డాక్టరమ్మ పాడి గెలిస్తే ఏమనేటోడివి?"

వెంకన్న చూపు కిటికీ వైపు తిప్పాడు.

"నేను చెప్త. ధైర్యం అనేటోడివి. భుజం తట్టి పార్టీ ఇచ్చేటోడివి. తండా పిల్ల పాడేసరికి ట్రంకు గుర్తొచ్చింది."

"ఇది కులం సంగతి కాదండీ," సంతోష్ ముందుకొచ్చాడు. "మీకు ఆధారాలు లేనప్పుడు ఇలాంటివి ఎత్తుకుంటారు. కథ బాగా చెప్పింది, ఒప్పుకుంటాను. లెక్కల టీచర్ కదా, కారణాలు తర్వాత కూడా కట్టుకోవచ్చు. ఆ ట్రంకు తెరవలేదని నిరూపించండి."

"తెరిచిన్రు. ఎవరు కాదన్నరు? ఏ బోర్డులు చూసిన్రు, అది చెప్పు."

"అన్నీ చూసి ఉంటారు."

"ఉంటారు! నలభై రూపాయల టికెట్ పెట్టుకుని నేనొచ్చింది నీ 'ఉంటారు' వినడానికా?" నాగరాణి గొంతు హాలు చివర దాకా వెళ్లింది. "జమునా, ఆదివారం ఆడేటప్పుడు ముక్కల్ల ఏమన్న తేడా కొట్టిందా? ఏదన్న సరే. బోర్డు మీద మరక, ముక్క మీద గీత."

జమున, ప్రభుదాస్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"సర్ది ఉన్నయ్," అన్నాడు ప్రభుదాస్. "చెప్పొచ్చా? ఇది మీరడిగిన ఆటేనా?"

"అయ్యో, చెప్పు సారూ!"

"పంచిన ముక్కలు కలగాపులగంగ ఉండాలె గదా. బోర్డుల నుంచి తీసినంక మనమే సర్దుకుంటం, ఇస్పేట్లన్నీ ఒకదిక్కు, ఆటీన్లన్నీ ఒకదిక్కు. ఆ బోర్డులు ముందు మా బల్లకే వచ్చినయ్. పద్నాలుగు దాకా కలగాపులగంగనే వచ్చినయ్. పదిహేను నుంచి తీస్తే, సర్దిన ముక్కలు! పదహారు అంతే. పదిహేడు, పద్దెనిమిది అంతే. నలుగురివీ. పంచినోళ్లు సరిగ్గ కలపలేదని నేను గొడవ చేసిన."

"ఎవరితోని?"

ప్రభుదాస్ వేలు వెంకన్న వైపు చూపించింది. సెక్రటరీగారు మెడ గోక్కున్నాడు.

"ఔ. గొడవ చేసిండు. పెద్దాయన చాదస్తం అనుకుని, కూసోని ఆడుమన్న."

నాగరాణి లేచి నిలబడింది. ఒళ్లంతా చిరాకు. వీళ్లందరికీ అన్నీ తెలుసు. ఎవరికి తెలిసిన ముక్క వాళ్ల దగ్గరే పట్టుకుని కూర్చున్నారు, అడిగితే తప్ప బల్ల మీద వేయరు.

"సంతోష్ తమ్ముడూ. పేకాట తెల్వని దొంగ అయితే ముక్కలు పరుచుకుని చూసి, పోగుచేసి పెడ్తడు. చేతిల విసనకర్ర లెక్క పట్టుకుని, రంగుకు రంగు సర్ది చూసుడు ఎవరికి అలవాటు?"

"ఆటగాళ్లకి," అన్నాడు సంతోష్ మెల్లగా.

"సర్దకుండ చూడనే చూడలేరు వీళ్లు. చేతులు ఊకోవు. సర్దినట్టు వాళ్లకే తెలిసుండదు. పైన నాలుగు సర్దినయ్. అయిదోది సర్దలే. అంటే నాలుగు చూసేసరికి సత్తయ్య వచ్చిండు. నువ్వే గదా ఇందాక తీసినవ్, ఒక్కొక్కటి. పద్నాలుగో బోర్డును దొంగ ముట్టనే లేదు! మీరు ఈ పిల్ల మెడకు కట్టింది ఎవ్వరూ చూడని బోర్డు."

సంతోష్ ట్యాబ్‌లో ఏదో చూసుకుంటున్నట్టు నటించాడు గానీ వేలు కదల్లేదు.

"సరే," అన్నాడు చివరికి. "పద్నాలుగు పక్కన పెడదాం. మిగతా నాలుగు ఈ అమ్మాయి చూడలేదని ఏమిటి గ్యారంటీ?"

"నాకు తెల్వదు. ఆ నాలుగింటిల ఏం జరిగిందో చెప్పుండ్రి. రెండు బల్లల మీద తేడా వచ్చింది ఏదన్న ఉన్నదా?"

"పదిహేడు," అన్నాడు వెంకన్న వెంటనే. ఓడిన ఫైనల్లో తాను గెలిచిన బోర్డు అది. చెప్పకుండా ఎలా ఉంటాడు? "పదిహేడుల వీళ్లు నాలుగు ఇస్పేట్లు పాడి మునిగిన్రు. తురుపు ముక్కలు బయట నాలుగున్నయ్. నాలుగూ ఒక్కడి చేతిలనే కుప్ప పడ్డయ్. తొమ్మిది పట్టులే వచ్చినయ్. మేం రెండు దగ్గర్నే ఆగినం. గదే అనుభవం అంటే."

నాగరాణి సంతోష్ వైపు తిరిగింది. "విన్నవా? ముక్కలు చూసిన పిల్ల మునిగే గేమ్ ఎందుకు పాడింది?"

"అనుమానం రాకుండా..."

"ఫైనల్ ఓడిపోయేటంత నాటకమా? జమునా, ఆ బోర్డుల మీకెన్ని?"

"నాకు పదిహేను. సార్‌కు పన్నెండు. ఇరవై ఏడు. ఎవరైనా పాడుతరు అక్కా. నేను ఒక ఇస్పేటు అన్న. సార్ మూడు అన్నడు. నేను నాలుగు అన్న."

"సార్ మూడంటే ఏం చెప్పినట్టు?"

"నా దగ్గర బలమున్నది, నువ్వు గట్టిగుంటే గేమ్‌కు పో అని," అన్నాడు ప్రభుదాస్. "నాలుగు ఇస్పేటు ముక్కలు, పన్నెండు పాయింట్లు చేతిల పెట్టుకుని అంతకంటె తక్కువ ఎట్లంటనమ్మా? నిన్నగాక మొన్న నేర్సుకున్నోడు గూడ అనడు."

"రెండంటే?"

"నా దగ్గర పెద్దగ ఏం లేదు, ఆగు అని."

నాగరాణి ఒక్క అడుగు వేసి వెంకన్న ముందు నిలబడింది.

"సారూ. అక్కడి బల్ల మీద జమున ముక్కలు నీకొచ్చినయ్ అన్నవ్. మరి ప్రభుదాస్ సార్‌కు వచ్చిన పన్నెండు పాయింట్లు ఎవరికొచ్చినయ్?"

వెంకన్న కుర్చీలో వెనక్కి జరిగాడు.

"నువ్వు ఒక ఇస్పేటు అన్నవ్. నీ ఎదురుగ కూసున్న మనిషి ఏమన్నది?"

"...రెండు."

"పన్నెండు పాయింట్లు పెట్టుకుని రెండు. నువ్వు ఆ మాట నమ్మి ఆగినవ్. ఆగింది నీ అనుభవం గాదు. తురుపులు కుప్ప పడ్డయని ముందే చూసినోళ్లు నిన్ను ఆపిన్రు."

వెంకన్న మొహంలో రంగు దిగిపోయింది. నలభై ఏళ్ల ఆటగాడు. తనకు తెలియదా? తెలుసు. ఆదివారం నుంచీ తెలుసు.

"ముక్కలు బల్ల మీద పరిచినంక నేనే బిత్తరపోయిన," అన్నాడు నెమ్మదిగా. "ఇదేందమ్మా, పన్నెండున్నయ్ గదా అన్న. లెక్క తప్పిన సార్ అన్నది. రాత్రంత నిద్ర లేదు, కండ్లు తిరుగుతున్నయ్ అన్నది. మనకే మంచిదైంది గదా అని ఊకున్న. సత్తయ్యను దవాఖానకు తీస్కపోయి, మళ్లీ ఆటకు ఉరికొచ్చిన మనిషి. పాపం అనుకున్న."

"చూశారా, అదే," సంతోష్ అందుకున్నాడు. గొంతులో మునుపటి ధీమా లేదు. "డాక్టర్‌గారు సత్తయ్య కోసం నిద్ర మానుకుని..."

ఆగిపోయాడు. తన మాట తనకే అడ్డం తగిలింది.

"సత్తయ్య దొరికింది ఎప్పుడు తమ్ముడూ?"

"ఆదివారం పొద్దున."

"మరి శనివారం రాత్రంత డాక్టరమ్మకు నిద్రెందుకు లేదు? నాకేం చెప్పింది ఇందాక? రూముల పడుకున్న, పొద్దున అరుపులు విని లేచిన. అంతేనా?"

జమున రెండు చేతులతో నోరు మూసుకుంది. హాల్లో అందరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. కోదాడలో ఇన్ని దవాఖానలుండగా, తల పగిలినవాణ్ణి తీసుకుని సూర్యాపేట దాకా ఎందుకు పోయింది? ఆయన్ని ఎవరి చేతిలోనూ పెట్టకుండా తన చేతిలోనే ఎందుకు పెట్టుకుంది?

అసలు సాక్షి ఆయనే అని చెప్పి మరీ పంపింది నాగరాణి.

ఆమె ఫోన్ తీసింది. పొద్దున బస్సులోంచి మాట్లాడిన నంబరు, సత్తయ్య భార్య లింగమ్మది. రింగైంది. రింగైంది. ఎత్తలేదు. తిట్టుకుంటూ మళ్లీ కొట్టింది.

"వెంకన్న సారూ, ఈమె పోయి ఎంతసేపైంది?"

"గంట దాటింది. చేరే ఉంటది."

సంతోష్ ట్యాబ్ బల్ల మీద పడేసి, కారు తాళాలు తీస్తూ గుమ్మం వైపు పరుగెత్తాడు. "రండి నాగరాణిగారూ! తర్వాత తిట్టుకుందాం. పోలీసులకి నేను ఫోన్ చేస్తాను."

ఫోన్‌లో అవతల చప్పుడైంది.

"అమ్మా, నువ్వా!" లింగమ్మ గొంతు సంతోషంతో వణుకుతోంది. "ఇప్పుడే చేద్దామనుకుంటున్న. మా ఆయన కండ్లు తెరిసిండమ్మా! నన్ను గుర్తువట్టిండు. ఏదో చెప్పబోయిండు. గంతల డాక్టరమ్మ వచ్చింది. ఆమెను సూడంగనే ఎందుకో బెదిరిండు, మంచం దిగబోయిండు. తలకు దెబ్బ తగిలితే గట్లనే చేస్తరంట. సూది ఏస్తే నిమ్మళమైతడన్నది."

"లింగమ్మా, ఆమె ఏది?"

"లోపలనే. దేవత తల్లి. నర్సును గూడ బయటికి పంపి తానే చూసుకుంటున్నది. నన్ను గీడ బెంచీ మీద కూసోమన్నది."

"లింగమ్మా, లెవ్వు. తలుపు తియ్యి. లోపలికి పో. ఆమెను సూది ఎయ్యనియ్యకు!"

"గదేందమ్మా, డాక్టరమ్మను..."

"చెప్తున్న గదా! లెవ్వు! అరువు! అందరినీ పిలువు!"

అవతల బెంచీ కిర్రుమంది. అడుగుల చప్పుడు. తలుపు మీద గాజుల చెయ్యి ఒకసారి, రెండుసార్లు పడింది. తర్వాత లింగమ్మ గొంతు. ఈసారి అందులో సంతోషం లేదు.

"గడియ పెట్టి ఉన్నదమ్మా."